స్టీరింగ్ తిప్పినా కారెందుకు తిరగదు?

ఇంటర్ పరీక్షలు అయిపోయాక మా అక్క కొడుకు సెలవులకు మా ఇంటికి వచ్చాడు. పొద్దస్తమానం గ్రాన్ టురిస్మో 7 అనే కారు రేసుల గేమ్ ముందే కూర్చునేవాడు. జపాన్‌లోని త్సుకుబా సర్క్యూట్ అంటే వాడికి మహా ఇష్టం. ట్రాక్ చిన్నదే, రెండు కిలోమీటర్ల పైచిలుకు. మొదలుపెట్టిన కాసేపటికే గట్టి హెయిర్‌పిన్ మలుపు వస్తుంది. మావాడు అక్కడిదాకా యాక్సిలరేటర్ వదలడు. ఆఖరి క్షణంలో బ్రేకూ స్టీరింగూ ఒకేసారి వాడతాడు. కారు మాత్రం ముక్కుసూటిగా ట్రాక్ బయటికి పోతుంది. "మావయ్యా, స్టీరింగ్ పూర్తిగా తిప్పేశాను కదా, ఎందుకు తిరగట్లేదు?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. గేమ్‌లో బాగా నడపాలనుకునే ప్రతివారూ మొదట తెలుసుకోవాల్సింది దీని జవాబే.

కారును రోడ్డుకు పట్టి ఉంచేవి నాలుగు టైర్లు. ఒక్కో టైరు నేలను తాకే చోటు ఇంచుమించు మన అరచేయంత. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా, వేగం పెంచినా కావలసిన బలమంతా ఆ నాలుగు అరచేతుల రాపిడి నుంచే రావాలి. ఆ పట్టుకు ఒక హద్దు ఉంది. నెల జీతంలాంటిదే అది. అద్దెకు ఎక్కువ పోతే సరుకులకు తక్కువ మిగులుతుంది. అయితే ఇక్కడ లెక్క మామూలు తీసివేత కాదు. బ్రేకు బలం వెనక్కి, మలుపు బలం పక్కకు పనిచేస్తాయి కాబట్టి పదో తరగతిలో చదివిన లంబకోణ త్రిభుజం లెక్క వర్తిస్తుంది. మొత్తం పట్టు 100 అనుకోండి. బ్రేకుకు 60 వాడితే మలుపుకు ఇంకా 80 దొరుకుతుంది. బ్రేకుకే 100 వాడేస్తే మలుపుకు మిగిలేది సున్నా. మావాడి కారుకు జరిగింది అదే. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. ముందు చక్రాలు తిరిగే ఉంటాయి, కానీ నేల మీద జారిపోతుంటాయి. అప్పుడు స్టీరింగ్ ఇంకా తిప్పితే మరింత జారతాయి. బ్రేకు కాస్త వదిలి, స్టీరింగ్ కాస్త వెనక్కి తీసుకుంటే పట్టు తిరిగి వస్తుంది.

కాబట్టి బ్రేకు పని చాలావరకు తిన్నటి రోడ్డు మీదే ముగియాలి. ఇక్కడ మన అంచనా బాగా తప్పుతుంది. మామూలు టైర్లతో పొడి రోడ్డు మీద గంటకు 100 కి.మీ. వేగంలో ఉన్న కారు ఆగడానికి సుమారు 40 మీటర్లు కావాలి. వేగం 200 అయితే 80 మీటర్లు చాలవు, దాదాపు 160 కావాలి. వేగం రెట్టింపయితే ఆగే దూరం నాలుగింతలవుతుంది. ఆ తర్వాత మలుపులోకి తిరుగుతూ బ్రేకును ఒక్కసారిగా కాక, నెమ్మదిగా వదలాలి. బ్రేకు మీద ఉన్నంతసేపూ కారు బరువు ముందు చక్రాల మీదికి వాలి వాటికి పట్టు పెంచుతుంది. చటుక్కున వదిలితే ఆ బరువు వెనక్కి పోయి, ముక్కు తిరగనని మొరాయిస్తుంది.

ఇక దారి సంగతి. లోపలి అంచు వ్యాసార్థం 20 మీటర్లున్న ఒక 90 డిగ్రీల మలుపు తీసుకుందాం. కారు వెడల్పు పోను అటూ ఇటూ జరగడానికి 8 మీటర్ల చోటుందనుకుందాం. లోపలి అంచు పట్టుకుని తిరిగితే, మామూలు టైర్లతో గంటకు 50 కి.మీ. మించి పోలేం. బయటి అంచు వెంట తిరిగితే 60 వస్తుంది. అలాకాక బయటి అంచు నుంచి మొదలై, మధ్యలో లోపలి అంచును తాకి, మళ్లీ బయటి అంచుకు వస్తే ఆ దారి వ్యాసార్థం 47 మీటర్లవుతుంది, వేగం 77 దాకా వెళ్తుంది. అదే రోడ్డు, అదే కారు, అవే టైర్లు! ఈ లెక్క మొదటిసారి వేసి చూసుకున్నప్పుడు నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. లోపలి అంచును తాకే ఆ చోటును ఎపెక్స్ అంటారు. మలుపు తర్వాత పొడవైన తిన్నటి రోడ్డు ఉంటే ఎపెక్స్‌ను కొంచెం ఆలస్యంగా తాకడం మేలు. యాక్సిలరేటర్ ముందుగా నొక్కవచ్చు, అక్కడ సంపాదించిన వేగం ఆ రోడ్డు పొడుగునా కలిసొస్తుంది.

కొత్తవాళ్ల కళ్లు బానెట్ ముందే అతుక్కుపోయి ఉంటాయి. మైకేల్ ల్యాండ్, డేవిడ్ లీ అనే శాస్త్రవేత్తలు 1994లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. నిజమైన రోడ్డు మీద డ్రైవర్ల చూపు ఎటు పోతుందో కొలిచి చూస్తే, మలుపుకు ఒకటి రెండు సెకన్ల ముందే అది మలుపు లోపలి అంచు మీదికి చేరుతోందని తేలింది. గేమ్‌లోనూ బ్రేకు వేస్తూనే ఎపెక్స్‌ను, ఎపెక్స్ చేరకముందే మలుపు బయటి చివరను చూడాలి.

నిజమైన కారులో నడుముకు, వెన్నుకు తెలిసే కుదుపు గేమ్‌లో ఉండదు. ఆ లోటును చెవి, చేతులు తీర్చాలి. టైర్లు సన్నగా కుయ్యిమంటే హద్దు దగ్గర ఉన్నట్టు, గట్టిగా కీచుమంటే దాటినట్టు. స్టీరింగ్ చక్రం వాడేవారికి, ముందు టైర్లు జారడం మొదలవగానే చేతిలో చక్రం తేలికైపోతుంది.

సాధనకు నా సలహా ఒక్కటే: ఒకే కారు, ఒకే ట్రాక్. రోడ్డు మీద గేమ్ గీసి చూపే రంగు గీతను కొన్నాళ్లకు ఆపేయండి. గీతనే చూస్తూ నడిపితే బ్రేకు ఎక్కడ వేయాలో బుర్రకు పట్టదు. దాని బదులు ట్రాక్ పక్కన ఒక బోర్డునో గుర్తునో ఆనవాలు పెట్టుకోండి. ఐదు గంటలు ఏకబిగిన ఆడేకంటే రోజుకు అరగంట ఆడి, రాత్రి హాయిగా నిద్రపోవడం మంచిది. చేతులు నేర్చింది నిద్రలో మరింత గట్టిపడుతుంది.

ఇదంతా ఆటలోనే మిగిలిపోయే విద్య కాదు. నిస్సాన్, ప్లేస్టేషన్ కలిసి 2008లో మొదలుపెట్టిన జీటీ అకాడమీ, గేమ్‌లో గెలిచినవారిని నిజమైన రేసింగ్ కార్లెక్కించింది. తొలి విజేత, స్పెయిన్ యువకుడు లూకాస్ ఒర్డోన్యెజ్ 2011లో లె మాన్ 24 గంటల రేసులో తన విభాగంలో రెండో స్థానం సాధించిన జట్టులో ఉన్నాడు.

మావాడు వారం రోజులు ఆ ఒక్క హెయిర్‌పిన్ మీదే కూర్చున్నాడు. బ్రేకు ముందుగా వేయడం మొదలుపెట్టాక ల్యాప్‌కు నాలుగు సెకన్లు తగ్గింది.