తాత నౌకరి కాగితం

మా తాత మెట్‌పల్లిలో బడిపంతులు. ఊళ్లో ఇప్పటికీ మమ్మల్ని ‘పంతులోళ్ల పోరగాళ్లు’ అనే పిలుస్తారు. ఇంట్లో మాత్రం ఆ మాటెత్తితే బాపు లేచి బయటికి పోయేవాడు. తాతను నౌకరిలోంచి బర్తరఫ్ చేశారని చిన్నప్పుడు ఎవరో ఆయన మొహం మీదే అన్నారట. అవ్వ బతికున్నన్నాళ్లూ ఆ సంగతి అడిగే ధైర్యం ఎవరూ చేయలేదు.

మేమిద్దరం అన్నదమ్ములం దోహాలో ఉంటున్నాం. పెద్దవాడు డిప్లొమా చేసి సూపర్‌వైజర్, చిన్నవాడు షట్టరింగ్ కార్పెంటర్. మొన్న సెలవు మీద పోయినప్పుడు పాత పెంకుటిల్లు విప్పుతుంటే అటక మీద సందుగ దొరికింది. చెదలు తినగా మిగిలినవి నాలుగు కాగితాలు. అన్నీ ఉర్దూలోనే. నిజాం సర్కారులో దఫ్తర్ పనంతా ఆ భాషలోనే కదా! మాకు అలిఫ్ కూడా రాదు. ఫోన్లో ఫొటోలు తీసుకుని, కాగితాలు బీరువాలో పెట్టి విమానమెక్కాం.

మా సైటులో టైల్స్ మేస్త్రీ లాహోర్ మనిషి. శుక్రవారం రూంకు పిలిచి, చాయ్ పోసి, ఫోన్ చేతిలో పెట్టాం. అంతా గొలుసుకట్టు రాత. పెద్దగా చేసుకుంటూ ఒక్కో మాటా కూడబలుక్కున్నాడు.

ముందు తారీకు దగ్గరే ఆగిపోయాం. 1355 అని ఉంది. హిజ్రీ అనుకుంటే 1936 అవుతుంది. పక్కనే ‘ఫసలీ’ అని ఉన్నది చూశాక తెలిసింది, 590 కలపాలని. అంటే 1945. జీతం 28 రూపాయలు, హాలీ సిక్కా. నిజాం రూపాయి వేరు, ఇంగ్లీషోళ్ల కల్దారు వేరు. 7 హాలీలకు 6 కల్దార్లు. లెక్కిస్తే తాత జీతం 24 కల్దార్లు. రియాళ్లను రూపాయల్లోకి మార్చి చూసుకునే అలవాటు మాకెట్లాగూ ఉన్నదే!

మీ ఇళ్లలోనూ ఇట్లాంటి కాగితాలుంటే పారేయకండి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు ఉర్దూ, ఫారసీ దస్తావేజులున్నాయి. సెలవు మీద పోయినప్పుడు అక్కడా అడిగి చూడొచ్చు.

ఇక నాలుగో కాగితం. "బర్తరఫ్ అని ఎక్కడుంది భాయ్?" అని మేమే అడిగాం. ఆయన రెండుసార్లు చదివి తలూపాడు.

"బర్తరఫ్ నహీ, ఇస్తీఫా. మంజూర్."

తండ్రికి కాలూచెయ్యీ పడిపోయింది, సేద్యం చూసేవాళ్లు లేరు, నౌకరి వదులుకుంటున్నానని తాత తనే పెట్టుకున్న అర్జీ అది. కింద ఒక్క వరుస చదవలేక మేస్త్రీ ఫోన్ మాకిచ్చాడు. అది తాత సంతకం. తెలుగులో ఉంది.

వెంటనే బాపుకు ఫోన్ కొట్టాం. విని చాలాసేపు ఏమీ అనలేదు. "మళ్ల సదువుండ్రి" అన్నాడు. మూడుసార్లు చెప్పించుకున్నాడు.

తెల్లారి చెల్లె ఫోన్ చేసింది. బాపు పొద్దున్నే బీరువాలోంచి ఆ కాగితం తీసుకుని జిరాక్స్ షాపుకు పోయాడట. పది కాపీలు తీయించాడట.