వేగమునకు హద్దు నిర్ణయింపవలసినవా రెవరు?

2010 ఫిబ్రవరి 12వ తేదీన కెనడా దేశమందలి వాంకూవర్ నగరమున శీతకాల ఒలింపిక్ క్రీడలకు ప్రారంభోత్సవము జరుగనుండెను. ఆనాటి పగలే, విస్లర్ కొండలలోని మంచుబాటపై, జార్జియా దేశీయుడైన నోదార్ కుమారితాష్విలి యను ఇరువదియొక్క యేండ్ల యువకుడు అభ్యాసపు పరుగున బాట విడిచి పైకెగసి, ప్రక్కనున్న ఉక్కు కంబమునకు కొట్టుకొని మరణించెను. అప్పటి వేగము గంటకు 140 కిలోమీటర్లకు మించియుండెను. కంబమునకు మెత్తయైనను చుట్టియుండలేదు. నాటి రాత్రి అతని దేశీయులు నల్లపట్టీలు ధరించి ఊరేగింపున నడచిరి.

మంచు నెరుగని మన ప్రాంతమువారికి ఈ ల్యూజ్ క్రీడ యెట్టిదో కొంత చెప్పవలసియున్నది. కొండవాలున కాంక్రీటుతో కట్టి, లోపలి గొట్టములద్వారా చల్లదనము కలిగించి, పైన మంచుగడ్డ పరచిన మెలికల కాలువను ఊహించుకొనుడు. అందులో చిన్నబండిపై వెల్లకిల పరుండి, పాదములు ముందునకు చాచి, ఆటగాడు క్రిందికి జారును. బండికి బ్రేకు లేదు. పిక్కలతో కమ్ముల నొక్కియు, భుజములు కదల్చియు దారి మరల్చుకొనవలెను. జయాపజయములు సెకనులో వెయ్యవ వంతుచే తేలును. ఒక మలుపునుండి రవంత ఆలస్యముగ వెలువడినచో, ఆ లోపము తరువాతి మలుపున పెరిగి, దిద్దుకొనుటకు వ్యవధి యుండదు. కుమారితాష్విలికి పదునైదవ మలుపున జరిగిన దిదియే. పదునారవదియు కడపటిదియు నగు మలుపున అతడు బలి యయ్యెను.

అంతర్జాతీయ ల్యూజ్ సమాఖ్యయు, క్రీడల నిర్వాహకులును వెంటనే ప్రకటన గావించిరి. ఆటగాడు మలుపున ఆలస్యముగ వెలువడి సరిదిద్దుకొనలేకపోయెననియు, బాట లోపమువలన ప్రమాదము జరిగినట్లు సూచన యేదియు లేదనియు దాని సారము. ఆడలేక మద్దెల యోడన్న సామెత మన మెరిగినదే; ఇచట మద్దెలవంక చూడకయే ఆటగానిని తప్పుపట్టిరి. కాని యా ప్రకటన చేసినవారే కడపటి మలుపుచెంత గోడను ఎత్తు చేయించిరి. మంచు వాలును మార్పించిరి. పురుషుల పందెమును స్త్రీలు బయలుదేరు దిగువచోటినుండి నడిపించిరి. బాట నిర్దోషమైనచో ఈ మార్పు లేల? ఆటగాండ్ర మనస్సు కుదుటపడుటకని నిర్వాహకులు చెప్పిన సమాధానము మాకు తృప్తికరముగ లేదు.

ఇంతకంటె గొప్ప సంగతి 2011లో బయటపడినది. విస్లర్ బాటపై 2009లో జర్మనీ ఆటగాడు ఫెలిక్స్ లోఖ్ గంటకు సుమారు 154 కిలోమీటర్ల వేగము నందుకొనెను. కట్టినవారి అంచనాకు ఇది యెంతయో మిక్కిలి. సమాఖ్యాధ్యక్షుడు జోసెఫ్ ఫెంట్ ఆందోళనపడి బాట రూపశిల్పికి లేఖ వ్రాసెను. నకలు వాంకూవర్ నిర్వాహకులకు అందెను. బాట అతివేగమైనదనియు, ఎవరికైన తీవ్రమైన దెబ్బ తగులవచ్చుననియు ఇందులో హెచ్చరిక యిమిడియున్నదని నిర్వాహకవర్గ ముఖ్యుడు జాన్ ఫర్లాంగ్ తనవారికి వ్రాసికొనెను. ఐనను ఏడాది గడచునప్పటికి పురుషులు పైచోటినుండియే జారుచుండిరి. తెలియక జరిగినదనుటకు ఇక వీలెక్కడిది?

సాహసము లేనిచో ఈ క్రీడయే లేదని కొందరందురు. నిజమే, జారువాడు అపాయము నెరిగియే బండి యెక్కును. కాని గోడ యెంత ఎత్తుండవలెనో, కంబ మెక్కడ నిలుపవలెనో అతడు నిర్ణయింపడు. ఆటలోని పొరపాటు చావునకు దారితీయరాదని జార్జియా అధ్యక్షుడు సాకాష్విలి నాడు పలికినమాట సమంజసము. పొరపాటు మానవసహజమని యెరిగి కట్టువాడే శిల్పి.

2010 అక్టోబరులో వెలువడిన మరణవిచారణ నివేదిక దీనిని దైవికమైన ప్రమాదముగ నిర్ణయించుచునే, ఆ బాటపై అతనికిగల అనుభవము స్వల్పమని పేర్కొనెను. ఆ స్వల్పత యెవరివలన కలిగినది? ఆతిథ్యదేశమువారు తమ క్రీడాకారులకు ఆ బాటపై ఇతరులకంటె అనేక రెట్లు అభ్యాసము కల్పించుకొనిరి. పరదేశీయులకు దొరకినది పరిమితము. 1964లో ఇన్స్‌బ్రుక్ క్రీడలకు ముందు ల్యూజ్ అభ్యాసమున బ్రిటిష్ ఆటగాడు కే-స్క్రిపెస్కీయు, మంచుకొండ దిగుచు ఆస్ట్రేలియా యువకుడు రాస్ మిల్నును మరణించినపుడును అనుభవలేమి యను మాటయే వినవచ్చెను. చిన్నదేశములవారి చావునకు ఈ కారణము చెప్పుట పాత యలవాటు.

ఈ విషయము మనకు పరాయిది కాదు. మనాలికి చెందిన శివ కేశవన్ 1998 మొదలు 2018 వరకు ఆరు ఒలింపిక్కులలో భారతదేశము పక్షమున ల్యూజ్ నాడెను. విస్లర్ బాటపై జారినవారిలో అతడును ఒకడు. ఇట్టి మంచుబాట దేశమున లేనందున హిమాలయపు రోడ్లపై చక్రములు తగిలించిన బండితో అభ్యసించెను. అనుభవమే రక్షణ యనువారు, అనుభవము సంపాదించుటకు అతనికి చోటెవ రిచ్చిరో చెప్పవలెను.

2014 క్రీడలకై రష్యాలోని సోచీయందు కట్టిన బాటలో వేగము తగ్గుటకై మూడుచోట్ల ఎగువవాలు కల్పించిరి. వేగమును హద్దులో నుంచుట సాధ్యమేనని దీనివలన తేలినది. పందెములకు రక్తియు తగ్గలేదు. 2022 బీజింగ్ క్రీడలలో జార్జియా పక్షమున ల్యూజ్ బండి యెక్కినవాడు సబా కుమారితాష్విలి, మృతుని కుటుంబములోని వాడే.