ఎంబీబీఎస్‌: ఇష్టమున్నదే పైన పెట్టండి

నీట్‌ ర్యాంకు వచ్చింది. ఇంటిల్లిపాదికీ ఇక ఒకటే చర్చ... ఏ కాలేజీ ముందు పెట్టాలి? నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్‌ ఎక్కడ గడవాలో తేల్చే జాబితా ఇది. హడావుడిగా నింపొద్దు.

రెండు దరఖాస్తులు

ప్రభుత్వ కాలేజీల్లోని 15 శాతం అఖిల భారత కోటా, ఎయిమ్స్‌, జిప్‌మర్‌, డీమ్డ్‌ వర్సిటీల సీట్లు ఎంసీసీ కౌన్సెలింగ్‌లో భర్తీ అవుతాయి. మంగళగిరి, బీబీనగర్‌ ఎయిమ్స్‌లూ ఇందులోనివే. రాష్ట్ర కోటా సీట్లకు తెలంగాణలో కాళోజీ, ఏపీలో ఎన్టీఆర్‌ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి విడిగా దరఖాస్తు చేయాలి.

పట్టా ఒకటే, ఆసుపత్రులు వేరు

ఒకే వర్సిటీ కింద ఉన్న కాలేజీలకు పరీక్షలూ, పట్టా ఒకటే. తేడా అంతా బోధనాసుపత్రిలోనే. జబ్బును రోగి మంచం పక్కన నిలబడి చూస్తేనే చేయి తిరుగుతుంది. విశాఖ ఆంధ్ర మెడికల్‌ కాలేజీకి కేజీహెచ్‌ పెద్ద అండ. కొత్త కాలేజీ అయితే పనిదినాన పొద్దున్నే వెళ్లి ఓపీ చూడండి. వార్డుల్లో రోగులున్నారా? కాన్పులు జరుగుతున్నాయా? స్టైపెండ్‌ ఇస్తున్నారా? అక్కడి హౌస్‌సర్జన్లను అడగండి. భవనాల అందం చూసి మోసపోవద్దు.

వరుసే ముఖ్యం

‘పెద్ద కాలేజీ ముందు పెడితే వచ్చేదీ పోతుందేమో’నని చాలామంది భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. ర్యాంకుల వారీగా ఒక్కొక్కరి ఆప్షన్లను పైనుంచి చూస్తూ వస్తారు. మొదటిదాంట్లో సీటు లేకపోతే రెండోది చూస్తారు. అంతేతప్ప మీ ర్యాంకు వెనక్కి పోదు. నిరుటి కటాఫ్‌ను కింద ఎన్ని కాలేజీలు చేర్చాలో తెలుసుకోవడానికే వాడండి.

చేరలేని కాలేజీని మాత్రం అసలు పెట్టొద్దు. ఫీజుతో పాటు హాస్టల్‌, మెస్‌ ఖర్చులూ ముందే లెక్కేయండి. తర్వాతి రౌండ్లో పై ఆప్షన్‌ వస్తే చేతిలోని సీటు పోతుంది. అందుకే ఇప్పుడున్న దానికన్నా నచ్చినవే అప్పుడు ఉంచాలి.

విదేశాలైతే...

కనీసం 54 నెలల కోర్సు, ఇంగ్లిష్‌ బోధన, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్‌, ఆ దేశంలో వైద్యం చేసేందుకు అర్హత ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా ఇక్కడ రిజిస్ట్రేషన్‌ దక్కదు. తిరిగొచ్చాక 300 మార్కుల స్క్రీనింగ్‌ పరీక్షలో 150 తెచ్చుకోవాలి.

ఎంత ఖర్చు భరించగలరో పెద్దలు దాచకుండా చెప్పాలి. ఆ పరిధిలో ఏది ముందు, ఏది వెనక అన్నది చదవబోయే పిల్లలకే వదిలేయండి.