మణుగూరు ఎండ, గోదావరి పడవ: పైలట్ థియరీ ఇంట్లో చదవడం ఎలా?

ప్రైవేట్ పైలట్ లైసెన్స్ థియరీని మణుగూరులాంటి ఊర్లో ఇంట్లో కూర్చుని చదవగలమా? ఈరోజు టాపిక్ ఇదే. చదవచ్చండి. విమానం ఎక్కాలంటే మాత్రం హైదరాబాద్ బేగంపేటలో ఉన్న తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ లాంటి చోటికి పోవాల్సిందే. థియరీకి ఒక టేబుల్, పుస్తకాలు, రోజుకి రెండు గంటలు చాలు.

రూల్స్ త్వరగా చెప్పేస్తా. 17 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి, 40 గంటలు విమానం నడిపి ఉండాలి. డీజీసీఏ రాతపరీక్షలో నిబంధనలు, నావిగేషన్, వాతావరణం, విమానం-ఇంజిన్ టెక్నికల్ ఉంటాయి. పాస్ కావాలంటే 70 శాతం రావాలి. ఈ లైసెన్స్‌తో జీతం తీసుకుని విమానం నడపకూడదు. ఉద్యోగం కావాలంటే కమర్షియల్ లైసెన్స్, 200 గంటలు.

ఇంకో మాట. ఫీజు కట్టకముందే మెడికల్ చేయించుకోండి. నాన్నగారి సింగరేణి రిటైర్మెంట్ డబ్బులు కట్టేశాక కళ్లకి రంగులు సరిగ్గా తెలియట్లేదని డాక్టర్ చెబితే ఏం చేస్తారు? ఈ వరస తప్పకూడదు.

ఇక థియరీ. చాలామంది పాత ప్రశ్నలు బట్టీ కొడతారు. నాకైతే అది నచ్చదు, ఎందుకో ఒక్క పాఠంతో చూపిస్తా. దాని పేరు డెన్సిటీ ఆల్టిట్యూడ్.

మన దగ్గర మే నెల ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. గాలి వేడెక్కితే వ్యాకోచించి పల్చబడుతుంది. రెక్కని పైకి లేపేది గాలే కదా, అది పల్చబడితే లిఫ్ట్ తగ్గుతుంది. ఇంజిన్‌కి ఆక్సిజన్ తగ్గుతుంది. ప్రొపెల్లర్‌కీ పట్టు దొరకదు. మూడు దెబ్బలు ఒకేసారి! లేవడానికి ఎక్కువ రన్‌వే కావాలి, లేచాక కూడా మెల్లగా ఎక్కుతుంది.

ఎంత తేడా? మణుగూరులో విమానాశ్రయం లేదు కాబట్టి లెక్కకి బేగంపేట తీసుకుందాం. దాని ఎత్తు 1,742 అడుగులు. ప్రామాణిక వాతావరణంలో సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, ప్రతి 1,000 అడుగులకీ సుమారు 2 డిగ్రీలు తగ్గుతుంది. అంటే అక్కడ 11.5 డిగ్రీలు ఉండాలి. కానీ ఎండాకాలం మధ్యాహ్నం 42 ఉందనుకోండి. తేడా 30.5. దాన్ని 120తో గుణిస్తే 3,660. ఎత్తుకి కలపండి: సుమారు 5,400 అడుగులు! గాలి ఒత్తిడి మామూలుగానే ఉందనుకుని వేసిన లెక్క ఇది. విమానం నిలబడింది బేగంపేటలోనే, కానీ అది సుమారు 5,400 అడుగుల ఎత్తులో ఉన్నట్టు పనిచేస్తుంది. ఇద్దరు మనుషులు, ఫుల్ ట్యాంకుతో ఆ మధ్యాహ్నం బయల్దేరాలా వద్దా అన్నది ఈ లెక్కే చెప్పాలి. బట్టీ కొట్టిన జవాబు అక్కడ పనికిరాదు.

నావిగేషన్‌కి గోదావరి చాలు. పడవవాడు ఎదురు రేవుకి పోవాలంటే ముక్కుని కాస్త ఎగువకి తిప్పి పెడతాడు, లేకపోతే నీళ్లు దిగువకి కొట్టుకుపోతాయని తెలుసు. విమానానికి గాలీ అంతే. 90 నాట్ల వేగంతో పోతుంటే పక్కనుంచి 15 నాట్ల గాలి వీస్తోంది. 15ని 90తో భాగించి 60తో గుణిస్తే 10. ముక్కుని గాలి వైపు సుమారు 10 డిగ్రీలు తిప్పాలి. (నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు, పొలంలో వేసే నాట్లు కాదు!)

పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయని భయపడకండి. విషయాన్ని ముందు తెలుగులో అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లీషు పదం పక్కన రాసుకోండి. ఇంట్లోవాళ్లకి చెప్పి చూడండి, వాళ్లకి అర్థమైతే మీకు వచ్చినట్టే.

ఈ వారం హోంవర్క్: జనవరి పొద్దున బేగంపేటలో 15 డిగ్రీలు. డెన్సిటీ ఆల్టిట్యూడ్ ఎంత? 2,160 అడుగుల దగ్గర రావాలి. రాకపోతే 11.5 ఎట్లా వచ్చిందో అక్కణ్నుంచి మళ్లీ చూడండి.