తుఫాను వస్తే ప్రదర్శన ఏమవుతుంది?

విద్యార్థులారా! నెల్లూరు తీరాన ఒక ఊరివారు నవంబరులో విజ్ఞాన ప్రదర్శన పెట్టదలచారనుకోండి. ఖర్చు లక్ష రూపాయలు. అది ఈశాన్య ఋతుపవనాల కాలం. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద తుఫాను తీరం దాటింది. 2015 నవంబరులో భారీ వానలు నెల్లూరు జిల్లాను ముంచెత్తాయి. మరి బీమా చేయించాలా?

బీమా వానను ఆపదు. నష్టాన్ని పలువురికి పంచుతుంది. ఇటువంటి ప్రదర్శనలు 100 ఉంటే, 5 ఆగిపోతాయనుకుందాం. మొత్తం నష్టం 5 లక్షలు. అందరూ పంచుకుంటే ఒక్కొక్క ప్రదర్శనకు 5 వేలు. దీనికి బీమా కంపెనీ ఖర్చులు, లాభం కలిపితే ప్రీమియం వస్తుంది.

దేనికి బీమా చేయించాలి? తోరణాలు తడిస్తే ఆ నష్టం మనమే భరించగలం. పందిరి కూలి పదిమంది గాయపడితే, ఆ పరిహారం భరించలేం. కనుక ముందు ఇతరులకు కలిగే హానికి, తరువాత అద్దె సామానుకు, ఆపైన ప్రదర్శన రద్దుకు బీమా తీసుకోవాలి. తుఫాను హెచ్చరిక వెలువడ్డాక పరుగెత్తితే సాధారణంగా ఆ తుఫానుకు బీమా వర్తించదు.

పరిహారం వచ్చినా పోయిన ప్రాణం తిరిగిరాదు. బీమా ఉన్నా పందిరి గుంజలు గట్టిగా పాతాలి. హెచ్చరిక వస్తే ప్రదర్శన ఆపాలి.

సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పక్షుల పండుగను 2025లో జనవరిలో జరిపారు. అప్పటికి వానల జోరు తగ్గుతుంది. మంచి తేదీని ఎంచుకోవడమూ రక్షణే! జనవరిలో 100కి ఒక్క ప్రదర్శనే ఆగిపోతే, ఒక్కొక్కదాని వంతు ఎంత? లెక్కకట్టి చూడండి.