కత్తి లేని వీరధర్మము

వీరధర్మ మను మాట చెవిఁ బడఁగానే మన మనస్సు రణరంగమునకుఁ బరుగెత్తును. అది పురుషుల సొత్తనియు, వంటయింటికిని బిల్లల పెంపకమునకును దానితోఁ బనిలేదనియు మనము తలంతుము. కాని నేఁ డా ధర్మము మన యనుమతి నడుగకయే మన యిండ్లలోఁ బ్రవేశించినది. మన బాలురు చేతిలోని తెరలపై జపాను దేశపు సమురాయి వీరులను, ఉత్తరసముద్రములఁ దిరిగిన వైకింగు వీరులను జూచి ముగ్ధు లగుచున్నారు. జపానువారి సప్తగుణము లనియు, నార్సుజనుల నవగుణము లనియుఁ బట్టికలు వ్రాసి గోడల కంటించుకొనువారును గలరు. పిల్లలు మెచ్చిన దానిని దల్లి యొకమాఱు పరిశీలింపకుండుట తగదు గదా! ఆ గుణములను మొదట నెవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి?

నవగుణముల పట్టిక వైకింగుల నాఁటిది కానేకాదు. 1970 తరువాత ఇంగ్లండులో ప్రాచీన దేవతారాధనమును మరల నెలకొల్పఁ గోరిన కొందఱు పాతగాథలనుండి యేర్చి కూర్చిన దది. దానితో మన కంతగాఁ బనిలేదు.

సప్తగుణముల కథ యట్లు గాదు. దానికి మూలము నితోబె ఇనాజొ యను పండితుఁడు వ్రాసిన ‘బుషిదో’ యను గ్రంథము. ఆయన 1862లో సమురాయి కుటుంబమునఁ బుట్టెను. ఆయనకుఁ బదునాలుగేండ్లు నిండకమున్నే, 1876లో, సమురాయిలు కత్తి ధరించి తిరుగరాదని ప్రభుత్వము శాసించెను. గ్రంథము వెలువడినది 1900లో. అదియు జపాను భాషలోఁ గాదు, ఇంగ్లీషులో. జపానులోఁ గాదు, అమెరికాలో. మతబోధ లేక మీ బడులలో నీతి నెట్లు నేర్పుదురని యొక బెల్జియము దేశపు పండితుఁ డడిగిన ప్రశ్నయు, మీ దేశమున నీ యాచార మేల, ఈ భావ మేల యని అమెరికా దేశీయురాలైన భార్య మేరీ పలుమాఱు వేసిన ప్రశ్నలును దనచే దీనిని వ్రాయించెనని యాయనయే పీఠికలోఁ జెప్పెను. భార్య ప్రశ్నలకు విసుగుకొనక గ్రంథమే వ్రాసి సమాధాన మిచ్చిన భర్త లెందఱుందురు!

కావున నది రణభూమినుండి వచ్చిన శాస్త్రము గాదు. కత్తులు పెట్టెలఁ జేరిన పిమ్మట నొక విద్యావంతుఁడు తన బాల్యపు నడవడిని దలఁచుకొని పరదేశీయులకుఁ జేసిన వివరణము. న్యాయము, ధైర్యము, దయ, మర్యాద, సత్యము, గౌరవము, ప్రభుభక్తి యని యాతఁడు చెప్పిన గుణములలో నా ఱింటికి నే నెదురు చెప్పను. ఏడవదానియందు మాత్రము నాకు సందేహము కలదు. ఎదురు చెప్పకుండుటయే ధర్మమని స్త్రీలకు నేర్పినవారు మన దేశమునందును దక్కువగా లేరు. అది మరల జపానునుండి తెచ్చుకొననక్కఱలేదు.

ఇంతకంటె భయంకరమైన గ్రంథ మింకొకటి కలదు. దాని పేరు ‘హగాకురె’. ఆకులచాటున నని యర్థము. వీరునకు మరణమే మార్గ మను భావమునకు నది ప్రసిద్ధి కెక్కినది. దానిఁ జెప్పినవాఁడు సాగా సంస్థానమున కొలువు చేసిన యమమోతొ త్సునెతొమొ. ఆయన యే యుద్ధమునందును బోరినవాఁడు గాఁడు. ఆయన కాలమున జపానులో శాంతి నెలకొనియుండెను. 1700లోఁ బ్రభువు మరణింపఁగా ఆయన తానును జావఁ గోరెను. అట్టి యనుమరణము నిషిద్ధమై యుండుటచేఁ దల గొఱిగించుకొని కుటీరవాసి యయ్యెను. అచ్చట నాయన చెప్పిన మాటలను ఒక యువకుఁడు వ్రాసికొనఁగా 1716 నాఁటికి గ్రంథము ముగిసెను. చెప్పినవాఁడు 1719 వఱకు జీవించి, అఱువదేండ్ల ప్రాయమున గతించెను.

ఈ సంగతిని నేను వేడుకకుఁ జెప్పుట లేదు. శాంతికాలమున కుటీరమునఁ గూర్చుండి పలికిన ఆ మాటలు, రెండువందల యేండ్లు గడచిన పిమ్మట, యుద్ధము నడపువారి చేతఁ బడెను. 1944, 1945 సంవత్సరములలో విమానములతో శత్రునౌకలను ఢీకొని చచ్చుటకుఁ బంపఁబడిన వారిలో కళాశాలల విద్యార్థు లెందఱో యుండిరి. పంపినవారిలోఁ బెక్కండ్రు ముసలితనము వఱకు బ్రదికిరి; పోయినవారు ఇరువదేండ్ల వారు. ఉత్తరదేశపు గాథలకును అట్టి దుర్గతియే పట్టెను. జర్మనీలో హిట్లరు దళ మొకటి ఆ జనుల ప్రాచీనాక్షరములనే తన చిహ్నముగఁ బెట్టుకొనెను.

ఇవి దూరదేశపు ముచ్చట లని తలంపకుఁడు. మావారికడ లెక్కలు చెప్పించుకొనుటకు మా యింటికి వచ్చు బాలుఁ డొకఁడు, పదియాఱేండ్లవాఁడు, ఇంటరు పరీక్షలో గణితమునఁ దప్పి నాలుగు దినములు కనఁబడలేదు. అయిదవ నాఁడు వచ్చి, “ఓడిన సమురాయి బ్రదుకఁడు గదా, అమ్మగారూ!” యని చిఱునవ్వుతో ననెను. ఆ చిఱునవ్వు నాకు నచ్చలేదు. ఫలితములు వెలువడిన వారములలో మన పత్రికలలో వచ్చు వార్తలు మీ రెఱుఁగుదురు. వానిని గూర్చుండఁబెట్టి, అన్నము పెట్టి, హగాకురె చెప్పినవాఁడు ఎట్లు బ్రదికెనో చెప్పితిని. “అయితే ఆయన చావలేదా?” యని వాఁ డాశ్చర్యముతో నడిగెను. లేదని చెప్పి, వానికిఁ బ్రియులైన వైకింగుల మాట యెత్తుకొంటిని. ఆ సాయంకాలమే మావారును నేనును వాని యింటికిఁ బోయి తల్లిదండ్రులతో మాటాడితిమి. వాని నొంటిగా విడువవలదని చెప్పుటయే గాక, వాఁడు దాఁచిన మాటను దాఁచక చెప్పితిమి.

నేను వానికి వినిపించినది ‘హావమాల్’ అను నీతిపద్యముల సారము. ఓడిన్ అను దేవుని వచనము లని దానికిఁ బేరు. 1270 ప్రాంతమున ఐస్లాండు ద్వీపమున వ్రాసిన చర్మపత్రగ్రంథ మొకదానియందు నది మనకు దక్కినది. ఆ ప్రతి 1662లో డెన్మార్కు రాజునకుఁ గానుకగాఁ బోయి, 1971లో ఓడపై స్వదేశముఁ జేరెను. వైకింగులు సాధువు లని నే ననను. 793లో ఇంగ్లండు తీరమునందలి లిండిస్ఫార్న్ మఠమును గొల్లగొట్టినదియు, మనుష్యులను బట్టి బానిసలుగ నమ్మినదియు వారే. ఐనను వారి నీతిపద్యములఁ దెఱచి చూచిన, కత్తికంటెఁ బొయ్యి యెక్కువగాఁ గనఁబడును.

కొండదాఁటి చలిలో వచ్చిన యతిథికి ముందుగా నిప్పు చూపవలయును, తిండియుఁ బొడిబట్టలు నీయవలయును, భోజనమునకు ముందు నీళ్లును దువాలును అందింపవలయు నని యందుఁ గలదు. స్నేహమునకు గొప్ప కానుక లక్కఱలేదు. ఉన్న రొట్టెలో సగముతోనే మిత్రుఁడు లభించును. స్నేహితుని యింటికిఁ దఱచుగాఁ బోవలయును. నడువని త్రోవలో గడ్డి మొలచును. ఎంత త్రాగిన నంత తెలివి తగ్గును. ఎంత చిన్నదైనను దన యిల్లు తనకు మేలు. బుద్ధిహీనుఁడు రాత్రి యంతయు మేల్కాంచి చింతించును. తెల్లవాఱునప్పటికి వానికి బడలిక మిగులును, చిక్కు మాత్రము మునుపటివలెనే యుండును. ఇది చదువునప్పుడు, నిద్రపట్టని ధృతరాష్ట్రునికడఁ గూర్చుండి నీతి చెప్పిన మన విదురుఁడు నాకు జ్ఞప్తికి వచ్చెను.

అన్నింటికంటె నా బాలునకుఁ జెప్పవలసినది వేఱొకటి కలదు. కుంటివాఁడు గుఱ్ఱ మెక్కఁగలఁడు, చేయి లేనివాఁడు మందను గాయఁగలఁడు, చెవిటివాఁడు పోరాడఁగలఁడు, చితిపైఁ గాలినవానికంటె గ్రుడ్డివాఁడైనను మేలు, శవమువలన నెవరికిఁ బ్రయోజనము? ఇదియే యా పద్యముల భావము. నిత్యము చావుతోఁ జెలగాట మాడిన జాతి యీ మాట చెప్పినది; యుద్ధ మెఱుఁగనివాఁడు మరణమును గీర్తించినాఁడు. బాలుఁడు కొంతసేపు మాటాడలేదు. పిదప, గణితములోఁ దనకు ఏ పాఠములు రావో లెక్కపెట్టెను. ఇప్పుడు సప్లిమెంటరీ పరీక్షకుఁ జదువుచున్నాఁడు. ప్రతిదినము సాయంకాలము వచ్చును.

జపానులో మాత్ర మిట్టి గృహవీరము లేదా? కలదు. 13వ శతాబ్దమున కామకురా ప్రభుత్వమును నడపిన హోజో తొకియొరి యనువాని తల్లి మత్సుషిత జెన్ని. ఒకనాఁడు కుమారుఁడు తన యింటికి రానుండఁగా, పొగచూరి చిరిగిన కాగితపు తలుపుల కడఁ గూర్చుండి, చిన్న కత్తితోఁ గాగితము గోసి, చిరిగిన గళ్లకు మాత్రమే యామె స్వయముగా నంటించుచుండెను. ఆమె యన్న చూచి, యీ పని తెలిసిన సేవకుఁ డున్నాఁడు, వానికిం డని యనెను. నాకంటె వాఁ డెక్కువగాఁ జేయఁ డని యామె తన పని మానలేదు. అంతయు నొక్కమాఱు క్రొత్తకాగితము వేసినఁ దేలిక గదా, అతుకులు వికారముగా నున్నవి యని యతఁడు మరల ననెను. తరువాత నేనును గ్రొత్తది వేయింపఁ దలఁచితిని. కాని వస్తువునఁ జెడినంతవఱకే బాగుచేసికొని వాడవలయునని యువకుఁడు కన్నులార చూచి నేర్చుకొనుటకే నేఁ డిట్లు చేయుచున్నా నని యామె బదులు చెప్పెను. ఈ కథను 1330 ప్రాంతమున కెంకో యను సన్న్యాసి వ్రాసి, స్త్రీయైనను ఋషుల మనస్సునకు సాటి వచ్చిన దని మెచ్చెను. ఆ ‘ఐనను’ అక్కఱలేదు. దేశము నేలు కొడుకునకు రాజనీతి యుపన్యసింపక జిగురుగిన్నెతోఁ బాఠము చెప్పిన తల్లి యామె.

సమురాయి వంశమున బుట్టిన మఱియొక స్త్రీ త్సుదా ఉమెకొ. 1871లో, ఆఱేండ్ల పసిదానిని, ప్రభుత్వమువారు చదువునకై అమెరికాకుఁ బంపిరి. 1882లో మరలివచ్చునప్పటికి మాతృభాషయే మఱచిపోయి యుండెను. తల్లితో మాటాడుటకు మరల నక్షరములనుండి నేర్చుకొనవలసి వచ్చెను. ‘బుషిదో’ వెలువడిన 1900లోనే యామె టోకియోలోఁ బదిమంది విద్యార్థినులతో నొక పాఠశాలను దెఱచెను. అదియే నేఁటి త్సుదా విశ్వవిద్యాలయము. 1984లో జపానువారు అయిదువేల యెన్నుల నోటుపై నితోబె ముఖమును ముద్రించిరి. 2004లో ఆ స్థానము హిగుచి ఇచియొ యను రచయిత్రికిఁ దక్కెను. 2024 జూలైనుండి వెలువడు నోటుపై నున్నది ఉమెకొ.