పోస్టర్‌లో పట్టుపరుపు... విమానంలో వాలుకుర్చీ!

వాల్‌పోస్టర్ చూసి మోసపోవడం సినిమా ప్రియులకి కొత్తేమీ కాదు. పోస్టర్ మీద హీరో గుర్రమెక్కి కత్తి దూస్తూ వుంటాడు. లోపల మూడు గంటలు కూర్చున్నా ఆ గుర్రం రాదు! ‘పోన్లే, ఒక టిక్కెట్టు డబ్బులేగా పోయింది’ అనుకుంటూ ఇంటికొచ్చేస్తాం. కాని ఆ టిక్కెట్టు ఖరీదు లక్షల్లో వుంటే? ఆ ఆట పదిహేను గంటలపాటు సాగేదైతే? నచ్చకపోతే మధ్యలో లేచి బయటికి వచ్చే వీలే లేకపోతే?

విమానాల్లో బిజినెస్ క్లాస్ అచ్చంగా అలాంటి ఆట.

‘మనకెందుకండీ ఆ పెద్దవాళ్ల గొడవ’ అని పేజీ తిప్పేయకండి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఒక బిడ్డ వున్న ఇళ్లు ఇవాళ తెలుగునాట ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. ‘అమ్మకి మోకాళ్లనొప్పులు. ఈసారైనా పడుకుని వచ్చే సీటు కొనిపెడదాం’ అని అక్కడి కొడుకో కూతురో నెలల తరబడి కూడబెట్టడం మనకి తెలిసిన సంగతే. అంత కష్టపడి కూడబెట్టిన డబ్బుకి, ప్రకటనలో చూపించిన పడకే దొరుకుతుందా? అసలు ప్రశ్న అది!

తారలు దిగివచ్చిన వేళ

విమానసంస్థలకి సినిమాతారలంటే మహా మోజు. 2015లో ఎమిరేట్స్ వారు హాలీవుడ్ నటి జెన్నిఫర్ అనిస్టన్‌తో ఒక ప్రకటన తీశారు. పాపం, అందులో ఆవిడకి ఒక పీడకల వస్తుంది. తానెక్కిన విమానంలో స్నానానికి షవర్ లేదట, కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి బార్ కూడా లేదట! అదే సంవత్సరం ఎతిహాద్ వారు నికోల్ కిడ్మన్‌ని విమానమెక్కించారు. 2023లో ఖతార్ ఎయిర్‌వేస్ వారు మన దీపికా పదుకొణెని తమ ప్రచారతారగా ప్రకటించారు.

అనిస్టన్ ప్రకటనలో చెప్పినది అబద్ధమా? కానే కాదు! ఎమిరేట్స్ వారి ఎ380 విమానంలో షవర్లు నిజంగానే వున్నాయి. అయితే అవి ఫస్ట్ క్లాస్ వారికి మాత్రమే. బిజినెస్ క్లాస్ వారికి బార్ వరకే ప్రవేశం. అదే సంస్థ వారి బోయింగ్ 777 ఎక్కితే షవరూ లేదు, ఆ బారూ లేదు.

కిటుకంతా ఇక్కడే వుంది. ప్రకటన చూపించేది ఆ సంస్థ దగ్గరున్న విమానాలన్నిటిలోకీ మేలైనదాన్ని, అందులోనూ మేలైన సీటుని. మనం కొనేది మాత్రం ఒక తరగతి పేరు. ఆ పేరుకి కొలతంటూ లేదు!

నేల, బెంచీ, కుర్చీ

మన టూరింగ్ టాకీసుల్లో ఒకప్పుడు నేల, బెంచీ, కుర్చీ అని తరగతులుండేవి. ఏ వూళ్లో చూసినా నేలంటే నేలే, బెంచీ అంటే బెంచీయే. బిజినెస్ క్లాస్ సంగతి అలా కాదు.

దాని పుట్టుకే ఒక తమాషా. 1970ల చివరికి రాయితీ టిక్కెట్లు ఎక్కువైపోయాయి. పూర్తి ఛార్జీ కట్టిన వ్యాపారస్థుడు, అందులో సగమే కట్టిన యాత్రికుడి పక్కనే ఇరుక్కుని కూర్చోవలసి వచ్చేది. ‘మాకేమిటి ప్రత్యేకత?’ అని వాళ్లు గొణగడం మొదలెట్టారు. ఆ గొణుగుడుకి జవాబుగా పుట్టినదే ఈ మధ్య తరగతి. 1979లో ఆస్ట్రేలియా వారి క్వాంటాస్ సంస్థ బిజినెస్ క్లాస్ మొదలుపెట్టింది. అప్పట్లో అదొక మంచి కుర్చీ, అంతే. పడక మాట ఎవరూ ఎత్తలేదు.

2000 సంవత్సరంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారు బిజినెస్ క్లాస్‌లో పూర్తిగా చదునైన పడక పెట్టారు. అందులో సగంమంది ముందుకీ, సగంమంది వెనక్కీ తిరిగి కూర్చునేవారు. ముక్కూమొహం తెలియని మనిషి ఎదురుగా! 2017లో ఖతార్ ఎయిర్‌వేస్ వారి ‘క్యూసూట్’ వచ్చింది. సీటుకి ఏకంగా తలుపే పెట్టేశారు.

పాతవి పోయి కొత్తవి వచ్చాయంటే గొడవ లేదు. రకరకాల తరాల సీట్లు ఇవాళ్టికీ ఒకేసారి ఆకాశంలో తిరుగుతున్నాయి, అన్నిటికీ పేరు ఒక్కటే! ఐరోపాలో దగ్గర వూళ్ల మధ్య తిరిగే విమానాల్లో ఇంకో విడ్డూరం వుంది. అక్కడ చాలా సంస్థల్లో బిజినెస్ క్లాస్ అంటే మామూలు సీటే. మధ్య సీటు ఖాళీగా వుంచి, వెనకాల ఒక తెర కడతారు. భోజనం కాస్త బాగుంటుంది. తెరని ముందుకి జరిపితే బిజినెస్ క్లాస్ చిన్నదవుతుంది, వెనక్కి జరిపితే పెద్దదవుతుంది!

మన దేశంలో ఇండిగో వారు కూడా 2024 నవంబరులో ఢిల్లీ, బొంబాయిల మధ్య ‘స్ట్రెచ్’ అనే పేరుతో 12 పెద్ద సీట్ల తరగతి తెచ్చారు. మొదట్లో 18,018 రూపాయల నుంచి అన్నారు. అది కుర్చీయే, పడక కాదు. రెండు గంటల ప్రయాణానికి పడకెందుకు లెండి!

పడకా? జారుడుబల్లా?

పదిహేను గంటల ప్రయాణమైతే లెక్క వేరు. ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా వినాలి. ప్రకటనల్లో ‘లై ఫ్లాట్’ అంటారు. సీటు తిన్నగా సాగుతుందని దాని అర్థం. తిన్నగా సాగినంతమాత్రాన నేలకి సమాంతరంగా వుండాలని లేదు. కొన్ని పాత సీట్లు బల్లలా తిన్నగానే సాగుతాయి, కాని కాళ్లవైపు వాలిపోయి వుంటాయి. నడిరాత్రి నిద్రలో మెల్లగా కిందికి జారుకుంటూ రావాల్సిందే! ‘ఫుల్లీ ఫ్లాట్’, అంటే పూర్తిగా చదును, అని వుంటేనే అది పడక.

రెండోది వరస. 1-2-1 అంటే ప్రతివారికీ నడవా అందుతుంది. 2-3-2 అంటే మధ్యలో కూర్చున్నవారు పక్కవారి కాళ్లు దాటుకుని వెళ్లాలి. మోకాళ్లనొప్పుల అమ్మకి ఈ తేడా చిన్నదా చెప్పండి?

ఇక విందుభోజనం. ప్రకటనలో పేరుమోసిన వంటవారు పళ్లాలు సర్దుతూ కనిపిస్తారు. వాళ్ల చేతివాటం మంచిదే కావచ్చు. కాని పైన విమానంలో గాలి మహా పొడి, తేమ 20 శాతం కూడా వుండదు. గాలి ఒత్తిడీ తక్కువే. ఉప్పూ తీపీ నాలుకకి సరిగా అందవు. ఎంత గొప్ప వంటైనా నేలమీద తిన్న రుచి రాదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. క్యూలో నిలబడే బాధ తప్పడం, ఎక్కువ సామాను తీసుకుపోనివ్వడం, విశ్రాంతిగది, మర్యాద... చాలా పెద్ద సంస్థలు వీటిలో మాట నిలబెట్టుకుంటాయి. తకరారంతా సీటు దగ్గరే!

కోర్టుకెక్కిన కుర్చీలు

న్యూజిలాండ్‌లో ఒక ప్రయాణీకుడు ఎమిరేట్స్ ప్రకటన చూసి బిజినెస్ క్లాస్ టిక్కెట్లు కొన్నాడు. ప్రకటనలో వున్నది కొత్త సీటు. తీరా ఎక్కితే పాత విమానం, పూర్తిగా చదును కాని పాత సీటు. అక్కడి వివాదాల ట్రిబ్యునల్ 2023లో ఆ ప్రకటన తప్పుదారి పట్టించేదేనని తేల్చి, 13,555 న్యూజిలాండ్ డాలర్లు ఇమ్మంది.

అంతదూరం ఎందుకు, మన హైదరాబాదు కథ వినండి. 2023 మే నెలలో ఒక ఉన్నత పోలీసు అధికారి దంపతులు సింగపూర్ ఎయిర్‌లైన్స్ బిజినెస్ క్లాస్‌లో హైదరాబాదు నుంచి సింగపూర్ బయల్దేరారు. వెనక్కి వాల్చే మీట పనిచేయలేదు! ప్రయాణమంతా మెలకువగానే కూర్చోవలసి వచ్చిందని వారి ఫిర్యాదు. తలకి 10,000 మైళ్ల పాయింట్లు ఇస్తామంటే వద్దన్నారు. హైదరాబాదు వినియోగదారుల కమిషన్ 2024 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. ఒక్కొక్కరికి 48,750 రూపాయలు వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలి, మనోవేదనకి లక్ష, ఖర్చులకి 10,000 ఇవ్వాలి. ఆ 48,750 ఎక్కడిదంటే, వారు కట్టిన 66,750లోంచి ఎకానమీ ఛార్జీ 18,000 తీసేస్తే మిగిలినది. పనిచేయని బిజినెస్ సీటు ఎకానమీ సీటుతో సమానమని తేలిందన్నమాట!

ఇంకో సంగతి. బిజినెస్ టిక్కెట్టు కొన్నవారిని సంస్థవారు కింది తరగతిలో కూర్చోబెడితే ఎంత ఇవ్వాలో మన డీజీసీఏ 2023 ఫిబ్రవరి నుంచి నియమం పెట్టింది. దేశంలో తిరిగే విమానమైతే పన్నులతో కలిపి టిక్కెట్టు ఖరీదులో 75 శాతం. విదేశాలకైతే దూరాన్నిబట్టి 30, 50, 75 శాతం.

కౌంటర్ దగ్గర అడగవలసినవి

టిక్కెట్టు కొనేముందు నాలుగే నాలుగు ప్రశ్నలు. ఏ రకం విమానం? సీట్ల వరస ఎంత? సీటు పూర్తిగా చదునవుతుందా? విమానం నడిపేది ఎవరు? ఈ చివరిది మరీ ముఖ్యం. టిక్కెట్టు మీద ఒక సంస్థ పేరుండి, విమానం ఇంకో సంస్థది కావడం మామూలే. టైటిల్స్‌లో ఒక హీరో పేరు వేసి తెరమీద ఇంకొకర్ని చూపించినట్టు! మధ్యలో విమానం మారాల్సివుంటే, రెండో విమానానికీ ఈ నాలుగూ విడిగా అడగాలి. చెప్పిన విమానం మార్చే హక్కు సంస్థలు నిబంధనల్లో రాసిపెట్టుకుంటాయి. కనక ప్రయాణానికి వారం ముందు మళ్లీ ఒకసారి చూసుకోండి. ప్రకటన, సీటు బొమ్మ దాచివుంచండి. తగాదా వస్తే అవే సాక్షులు.

టూరింగ్ టాకీసులో రీలు తెగితే నేలక్లాసువాడు ఊరుకునేవాడు కాదు. ఈలలూ కేకలతో ఆపరేటర్ని పరుగులు పెట్టించేవాడు. కుర్చీక్లాసు పెద్దమనుషులు మాత్రం పరువు అడ్డొచ్చి గుడ్లప్పగించి కూర్చునేవారు. లక్షలు పోసి ఆకాశంలో కూర్చున్నవారికి కావలసింది నేలక్లాసువాడి గొంతు! టిక్కెట్టు చిన్నదైనా పెద్దదైనా, పోస్టర్‌లో గుర్రం చూపించినవాడు తెరమీదికీ గుర్రాన్ని తేవాల్సిందే.